ఊబకాయం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 72 కిలోలు. మాది ఉమ్మడి కుటుంబం. అత్తగారు, తోడికోడలు కూడా ఈ మధ్య బాగా ఒళ్లు చేశారు. ఊబకాయం అంటువ్యాధిలా పాకుతుందని మా అబ్బాయి ఏదో చదివి చెప్పాడు. నిజమేనా? డబ్బున్నవాళ్ల జబ్బంటారు కదా, మరి మా పనావిడ కూడా లావవుతోందేం?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చదివింది 2007లో అమెరికాలో వచ్చిన పరిశోధన గురించి అయ్యుంటుంది. అక్కడి ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ల గుండె ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న అధ్యయనంలోని 12 వేల మంది వివరాలు 32 ఏళ్లవి తీసి, స్నేహితుడు లావైతే మనమూ లావయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందని క్రిస్టాకిస్, ఫౌలర్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. తర్వాత కొందరు అంటువ్యాధుల లెక్కలకు వాడే మోడళ్లనే దీనికీ వాడారు. అయితే ఇక్కడ అంటుకునేది క్రిమి కాదు, అలవాటు. పైగా ఒకేచోట ఉండి ఒకే తిండి తినేవాళ్లు కలిసి లావైతే, తప్పు స్నేహానిదా, ఆ చోటుదా అని తేల్చడం కష్టమన్న విమర్శలూ వచ్చాయి. నాకైతే ఆ విమర్శ సబబే అనిపిస్తుంది. మీ ముగ్గురిదీ ఒకే వంటిల్లు మరి! దానికి తోడు మన గోదావరి మర్యాద ఒకటి. కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

మన దేశంలో ఊబకాయం ఇప్పటికీ కలిగినవాళ్లలోనే ఎక్కువ. సంపన్న దేశాల్లో ఇది తిరగబడింది, ముఖ్యంగా ఆడవాళ్లలో. అక్కడ పేదవాళ్లే ఎక్కువ లావు. మనమూ ఆ దారిలోనే ఉన్నట్టున్నాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఇంతమందీ కలిగినవాళ్లే కాదు కదా! డెల్టాలో కోతమిషన్ వచ్చాక పొలం పని తగ్గింది, చాలా చేలు రొయ్యల చెరువులయ్యాయి. బియ్యం రేషన్‌లో వస్తుంది, పామాయిల్ ప్యాకెట్ చవక. పప్పు, గుడ్డు, పండ్లే ఖరీదు. కాబట్టి మీ పనావిడ తెగ తినేసి లావవుతోందనుకోకండి.

ఇక మీ సంగతి. మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 29. మన భారతీయులకు 25 దాటితే చాలు, ఊబకాయం కింద లెక్క. షుగర్, బీపీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. నూనె మనిషికి నెలకు అరలీటరు మించనివ్వద్దు. రాత్రి అన్నం సగం చేసి కూర, పప్పు పెంచండి. ముగ్గురూ కలిసి కాలవగట్టు మీద అరగంట నడవండి, మానేస్తే పక్కవాళ్లు అడుగుతారు. నాలుగైదు కిలోలు తగ్గినా చాలా మేలు. మీ పనావిడకు 30 దాటి ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) వెళ్లమనండి, అక్కడ బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు.