నది నిండా పాయలున్నా కుళాయిలో ఉప్పునీరు ఎందుకు?

ప్రశ్న: చైనా దక్షిణ తీరంలోని పెర్ల్ నది డెల్టాలో చలికాలం వచ్చిందంటే తాగునీటికి ఉప్పు తగులుతుందని చదివాను. అన్ని పాయలున్న నదికి ఈ దుస్థితి ఎందుకు? సముద్రమట్టం పెరగడమే కారణమా, అక్కడి పరిశ్రమలకూ ఇందులో పాత్ర ఉందా?

జవాబు: సముద్రమట్టం పెరుగుదల ఒక కారణమే గాని, దాని ఒక్కదానిమీదే నేరం మోపడం న్యాయం కాదు. షీజియాంగ్, బేజియాంగ్, దోంగ్‌జియాంగ్ అనే మూడు నదులు డెల్టాలో అనేక పాయలుగా చీలి, ఎనిమిది మొగల గుండా సముద్రంలో కలుస్తాయి. ఏడాది ప్రవాహంలో చాలా భాగం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపే వచ్చేస్తుంది. చలికాలంలో ప్రవాహం సన్నగిల్లినప్పుడు పోటునీరు మొగల్లోకి చొరబడుతుంది. ఉప్పునీరు మంచినీటికంటే బరువైనది కనుక నది అడుగునే పాకుతూ, పైకి కనిపించకుండా చాలా దూరం లోపలికి వస్తుంది. నది అడుగు ఎంత లోతైతే దానికి దారి అంత సులువు.

మనుషుల చేతి పని ఇక్కడే బయటపడుతుంది. 1980లో విదేశీ పెట్టుబడులను రప్పించేందుకు షెన్‌జెన్ నగరంలో ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పడ్డాక ఈ ప్రాంతమంతటా కార్ఖానాలు, రహదారులు, నివాస భవనాలు లేచాయి. వాటి కాంక్రీటుకు కావలసిన ఇసుకను డెల్టా పాయల నుంచే విపరీతంగా తవ్వుకున్నారు. ఎగువన కట్టిన ఆనకట్టలు ఒండ్రును పట్టి ఉంచడంతో, తవ్విన గోతులను పూడ్చవలసిన నది ఆ పని చేయలేకపోయింది. ఫలితంగా నది అడుగు దిగిపోయి, ఉప్పునీటికి లోతైన కాలువ ఏర్పడింది. సముద్రం పైకి రావడం కంటే నది కిందికి పోవడమే ఇక్కడ ఎక్కువ కీడు చేసిందని నా అభిప్రాయం.

డెల్టా పడమటి వైపు సముద్రతీరంలో ఉన్న ఝుహాయ్ నగరానికీ, దాని పక్కనే ఉండి దాని మీదే తాగునీటికి ఆధారపడిన మకావుకూ ఈ బాధ ఎక్కువ. 2005 జనవరిలో ఎక్కడో ఎగువనున్న జలాశయాల నుంచి నీరు వదిలి ఉప్పును వెనక్కు నెట్టవలసి వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాల్లోనూ ఇదే ఉపాయాన్ని ఆశ్రయించారు. షీజియాంగ్ నీటిని డెల్టా తూర్పు వైపున్న షెన్‌జెన్, దోంగ్‌గువాన్ నగరాలకు మళ్లించే 113 కిలోమీటర్ల జలమార్గం 2024లో మొదలైంది. తూర్పు నగరాల దాహం తీర్చడానికి అది అవసరమే. అయితే ఎండు నెలల్లో ఆ నదిలోంచి తీసుకునే ప్రతి చుక్కా ఉప్పును నెట్టే బలంలోంచే తగ్గుతుందన్న సంగతి నీటి పంపిణీ నిర్ణయించేవారు మరవకూడదు.

ప్రశ్న: కార్ఖానాల వ్యర్థజలాలను ఆపేస్తే ఇటువంటి డెల్టా మళ్లీ శుభ్రపడుతుందా?

జవాబు: నీరు తేరుకుంటుంది, అడుగున ఉన్న బురద అంత త్వరగా తేరుకోదు. షెన్‌జెన్, దోంగ్‌గువాన్ సరిహద్దులో పారే మావోజౌ నది ఒకప్పుడు నల్లగా, దుర్గంధంతో ఉండేది. మురుగు గొట్టాలు వేసి, శుద్ధి కేంద్రాలు కట్టాక కొన్నేళ్లలోనే చెప్పుకోదగినంత మెరుగుపడింది. వీధుల మురుగును నదికి చేరకుండా పట్టుకోవడం ఖర్చుతో కూడినదే అయినా, చేయగల పని. ఇళ్ల మురుగు, పొలాల ఎరువుల నుంచి వచ్చే నత్రజని, భాస్వరం తగ్గితే, వేసవిలో నదీముఖంలో అడుగునీటి ప్రాణవాయువును హరించే నాచు కూడా అదుపులోకి వస్తుంది.

లోహాల సంగతి వేరు. ఎలక్ట్రోప్లేటింగ్ (విద్యుత్తుతో లోహపు పూత వేయడం), తోళ్ల పరిశ్రమల నుంచి వచ్చిన రాగి, క్రోమియం, కాడ్మియం వంటివి సన్నని మట్టి రేణువులకు అంటుకుని అడుగుకు చేరతాయి. అవి కుళ్లి మాయమయ్యేవి కావు. పైన కొత్త ఒండ్రు పేరుకుంటేనే కప్పబడతాయి, ఆ ఒండ్రేమో ఆనకట్టల వెనకే నిలిచిపోతోంది. అందువల్ల బురదను కదపకుండా వదలాలా, తవ్వి శుద్ధి చేయాలా అన్నది ప్రతి పాయకూ వేరుగా, మట్టి నమూనాలు పరీక్షించాకే తేల్చాలి. ఓడల దారి కోసం తొందరపడి తవ్వితే, పాత కార్ఖానాలు వదిలిన విషం మళ్లీ నీటిలోకి, అక్కడి నుంచి చేపల్లోకి చేరగలదు.