టైరు చెప్పేది విని, ఆ తర్వాత స్ప్రింగులు కొను

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నువ్వు ఆ పాత స్విఫ్ట్‌ను చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు రేసు ట్రాక్‌కు తీసుకుపోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. కాయిలోవర్లకని, అదే ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాకబ్జర్ల సెట్టుకని, డబ్బు కూడా దాచిపెట్టుకున్నావంట. ఆమెకు భయంగా ఉంది. నాకేమీ భయం లేదబ్బీ, స్పీడు తీరని వయసులో రేణిగుంట రోడ్డు కంటే ట్రాక్ వెయ్యిరెట్లు మేలు. నా బాధ ఆ డబ్బు గురించే. అప్పుడే ఖర్చు పెట్టొద్దు.

ముందు కారును ఎత్తించి కింద చూడు. చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన కాలు) మౌంట్లు, లింక్ రాడ్లు. బుష్ పగిలిన బండికి ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా, బ్రేకు తొక్కగానే చక్రం దాని ఇష్టం వచ్చిన దిక్కుకు తిరుగుతుంది. అలైన్‌మెంట్ మెషిన్ మీద నిలబడినప్పుడు చూపించిన లెక్క మలుపులో ఉండదు. ఇవన్నీ కొత్తవి వేయించినా కాయిలోవర్ల ఖర్చులో చాలా తక్కువే అవుతుంది. బ్రేక్ ఆయిల్ కూడా మార్పించు, కొత్త డబ్బా డాట్ 4 పొయ్యి. తేమ పట్టని డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిందంటే 155కే మరిగిపోవచ్చు.

ఇక టైర్లు. నీ బండికి కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15. దానికి 195/60 ఆర్15 వేసుకోవచ్చు, మొత్తం ఎత్తులో తేడా ఆరున్నర మిల్లీమీటర్లే. పదిహేడు అంగుళాల రిమ్ముల జోలికి పోవద్దు. చక్రం బరువెక్కితే షాకబ్జర్‌కు పని పెరుగుతుంది, అంతకు మించి లాభం లేదు. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అంకె, అంటే ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పేది, వేసి ఉంటే చూడు. 200 ప్రాంతంలో ఉంటే మెత్తటి రబ్బరు, ట్రాక్‌కు బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. 300 పైన ఉంటే రోడ్డు టైరు. మొదటి ఏడాది రోడ్డు టైరే వెయ్యి. అది పట్టు వదిలే ముందు అరుస్తుంది, మెల్లగా జారుతుంది, నీ తప్పు నీకు వినబడుతుంది. మెత్తటి టైరు ఆ తప్పును చాలాసేపు మోసి, ఒక్కసారిగా వదిలేస్తుంది.

కొనేటప్పుడు తయారైన తేదీ చూడకుండా డబ్బులివ్వొద్దు. టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలుంటాయి, 2223 అంటే 2023లో 22వ వారం. నాకొకసారి ఒక షాపాయన ‘నిన్ననే దిగినాయన్నా’ అని నాలుగు టైర్లు బిగించాడు. ఇంటికొచ్చి చూస్తే ఐదేళ్ల నాటివి. బొటనవేలి గోరుతో నొక్కినా గాటు పడలేదు, అంత గట్టిపడింది రబ్బరు. మన కడప ఎండల్లో బయట పెట్టిన టైరు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?

గాలి విషయం ఎవరూ ఓపికగా చెప్పరు, అందుకే వివరంగా రాస్తున్నా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 28 పీఎస్ఐ పెట్టి బయలుదేరు. టైరు లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 75కు వేడెక్కితే ఆ 28 కాస్తా 34 అవుతుంది. మనకు లెక్క వేడి మీద ఉన్న గాలే. ట్రాక్ మీద నుంచి రాగానే, హెల్మెట్ కూడా తీయకముందే గేజి పెట్టి చూడు. ఐదు నిమిషాలు ఆగితే అది వేరే అంకె. 34 దాటితే ఆ ఎక్కువ గాలి తీసెయ్యి. ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ కాబట్టి ఎడమ పక్క ముందు టైరే ఎక్కువ కాగుతుంది, నాలుగూ ఒకేలా ఉండవు, దేనిది దానికే రాసుకో. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మాత్రం డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న గాలి మళ్లీ పట్టించు. మరిచిపోవద్దు, తక్కువ గాలితో రాత్రిపూట హైవే మీద రావద్దు.

ట్రాక్ మీదికి పోయే ముందు, ముందు చక్రాల టైర్లకు రోడ్డును తాకే ట్రెడ్ మీద నుంచి భుజం (ట్రెడ్ అంచు) దాటి పక్కగోడ దాకా సుద్దముక్కతో మూడు గీతలు గీయి. నాలుగు ల్యాపులు తోలి వచ్చి చూడు. భుజం దగ్గర చాలా టైర్లకు చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద ఆ గుర్తు దాకా చెరిగిపోయి ఆగితే బాగుంది. దాన్ని దాటి పక్కగోడ మీదికి పోయిందంటే టైరు మడత పడుతోంది. గాలి ఒకటి రెండు పెంచి చూడు. అప్పటికీ బయటి భుజమే నలిగి, లోపలి భుజం కొత్తదానిలా ఉంటే అది క్యాంబర్ (చక్రం లోపలికి వాలే వంపు) తక్కువ. నీ స్విఫ్ట్ ముందు స్ట్రట్‌కు కింద రెండు బోల్టులుంటాయి, వాటిలో ఒకదాని బదులు క్యాంబర్ బోల్టు వేస్తే చక్రం పైభాగం లోపలికి వంగుతుంది. రెండు డిగ్రీల దాకా చాలు.

మెషిన్ లేకుండా కూడా కొలవచ్చు. మన వరండాలో కడప బండలు రసమట్టంతో చూసి పరిచినవే, కారు అక్కడ నిలబెట్టు. బేల్దారి తూకం గుండు ఫెండర్ దగ్గర నుంచి దారంతో వేలాడదీసి, రిమ్ము పైఅంచుకూ కింది అంచుకూ దారం ఎంత దూరముందో స్కేలుతో చూడు. ఆ రెండంచుల మధ్య 40 సెంటీమీటర్లుంటే, 7 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీ. 14 అయితే రెండు. క్యాంబర్ మారిస్తే టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారుతుంది, దాన్ని సున్నాకు తెప్పించుకో.

ఇన్ని చేశాకే స్ప్రింగుల మాట. 2004లో ఒక స్నేహితుడి మారుతి ఎస్టీమ్‌కు నా చేత్తోనే గ్రైండర్ పట్టి ముందు స్ప్రింగులు చెరో రెండు చుట్లు కోశాను. బండి కిందికి దిగింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ట్రాక్‌లో పొడుగు స్ట్రెయిట్ చివర సీ1 అని వేగమైన కుడి మలుపు ఉంటుంది. అక్కడ స్ట్రట్ పూర్తిగా నొక్కుకుపోయి బంప్ స్టాప్‌కు, అంటే దాన్ని ఆపే రబ్బరు దిమ్మకు, కొట్టుకుంది. ముందు టైర్లు ఒక్కసారిగా పట్టు వదిలేసి, బండి స్టీరింగ్ మాట వినక నేరుగా మట్టిలోకి పోయింది. అతనికేమీ కాలేదు. కానీ ఆ రోజు నేను గోడ పక్కన నిలబడి చూసింది ఈ పొద్దుకీ మరిచిపోలేదు.

బండి ఎత్తు తగ్గించాలనుకుంటే 25 మిల్లీమీటర్లు, అంతే. లోయర్ ఆర్మ్ చక్రం వైపు కొస లోపలి కొస కంటే పైకి లేచిందంటే, ఇంకా నొక్కుకున్న కొద్దీ క్యాంబర్ పెరగకపోగా తగ్గుతుంది, బండి ఇంకా ఎక్కువ వాలుతుంది. ఆ స్ప్రింగుకు తగిన షాకబ్జర్ కూడా ఉండాలి. కంపెనీ షాకబ్జర్ మీద గట్టి స్ప్రింగు వేస్తే ఎగురుతూనే ఉంటుంది.

ముందు చక్రాలు లాగే బండి మలుపులో ముక్కు బయటికి వేస్తుంది. దానికని ముందు స్టెబిలైజర్ బార్ (మలుపులో బండి వాలకుండా రెండు చక్రాలనూ కలిపే కడ్డీ) లావుది వేస్తే ఇంకా ఎక్కువ వేస్తుంది. గట్టి చేయాల్సింది వెనక. ఖర్చు లేకుండా చూడాలంటే వెనక టైర్లకు రెండు పీఎస్ఐ ఎక్కువ పెట్టు. వానలో మాత్రం ఇది ప్రమాదం. అక్టోబరు, నవంబరులో అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన, మలుపు మధ్యలో కాలు ఎత్తితే వెనక భాగం తిరిగి ముందుకొస్తుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. మార్చింది నోట్‌బుక్‌లో రాయి.

ఆదివారం షాపు మూసి ఉంటుంది, మనిద్దరమే కారు ఎత్తి చూద్దాం. ప్రొద్దుటూరు నుంచి పొద్దున్నే బయలుదేరు, మీ అత్త ఉగ్గాని చేస్తుంది. ఇప్పుడున్న పాత టైర్లు ఎవరికీ ఇచ్చెయ్యొద్దు. వాటి భుజాలు నేను చూడాలి.

మీ మామ,
కడప