బ్రోషరు కంటే ముందు టైమ్‌టేబుల్

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య దీవెనలు.

నీ స్కూలు కోసం నువ్వు వేసి పంపిన సిలబస్ కాగితాలు రెండుసార్లు చదివాను. ఫ్రెంచి ఉంది, రోబోటిక్స్ ఉంది, ‘గ్లోబల్ సిటిజన్‌షిప్’ అని విడిగా ఓ సబ్జెక్టు ఉంది. తెలుగు మాత్రం వారానికి మూడు పీరియడ్లే! రోజుకి 8 చొప్పున ఆరు రోజులకి 48 పీరియడ్లు, అంతేరా. కొత్తది పెడితే పాతది పోవాల్సిందే. నేను హెడ్మాస్టరుగా ఉండగా కంప్యూటరు కోసం ఆటల పీరియడ్లు రెండు పీకేశాను. ఆర్నెల్లు తిరక్కుండా ఆఖరి గంటలో పిల్లలు బెంచీల మీద కునుకు. తప్పు నాదే, మళ్ళీ పెట్టాను.

ప్రపంచానికి విడిగా పీరియడ్ ఎందుకు, మన చెరువుగట్టు మీదే ఉంటే? ఏడో తరగతిని రొయ్యల చెరువుకి తీసుకెళ్ళు. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం, అదే చెక్‌ట్రే, పైకి లాగించు, అడుగున మిగిలిన మేత చూడనీ, సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు ఎంతుందో, వాళ్ళచేతే కొలిపించు. సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు ఖర్చు ఎకరానికి ఎంతో కట్టమను. మనవాళ్ళు పెంచే వనామి రొయ్య పుట్టిల్లు పసిఫిక్ అవతలి తీరం, మెక్సికో నుంచి పెరూ దాకా. మన దేశంలో పెంచడానికి 2009లో అనుమతిచ్చారు. మన రొయ్యలు కొనే అమెరికావాళ్ళు సుంకం పెంచితే భీమవరంలో కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) ఎందుకు పడుతుందో, ఆ తర్వాత పిల్లలే చెప్తారు. ఉప్పునీరు ఊటెక్కి వరి పోయిన పక్క చేను రైతుని కూడా పిలిపించు. చెరువులున్నవాళ్ళ పిల్లలూ అదే క్లాసులో ఉంటారు, మాటామాటా వస్తుంది. రానీ.

ఫ్రెంచి సంగతి. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కిందే ఉంది కాబట్టి చరిత్ర పాఠంలో బాగా అతుకుతుంది. భాషగా అయితే ఎనిమిదో తరగతి నుంచి, ఇష్టమున్నవాళ్ళకి, అదీ టీచరు దొరికితేనే. ముందు ఇంగ్లీషు గట్టిపడాలి. పదో తరగతిలో ఉద్యోగం అగ్రిమెంటు చదివి అర్థం చేసుకోవడం ఒక పాఠంగా పెట్టు. చదవకుండా సంతకం పెట్టి గల్ఫులో ఇరుక్కున్నవాళ్ళ గురించి, కువైట్‌లో పన్నెండేళ్ళున్న నీకు నేను చెప్పాలా?

మూడో తరగతి అయ్యేసరికి ఏ పిల్లయినా తెలుగు పేజీ తడుముకోకుండా చదవాలి. చదవడం, రాయడం, లెక్కలు అప్పటికల్లా రావాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది. చిన్న తరగతులకి తెలుగు రోజుకి రెండు పీరియడ్లు చెయ్యి. రోబోటిక్స్‌లోంచి తీసుకో, ఏం కొంప మునగదు.

క్రాఫ్టుకి నర్సాపురం వైపు లేసు అల్లే ఆవిడ ఎవరైనా వస్తారేమో కనుక్కో. జీతం మిగతా టీచర్లతో సమానంగా ఇవ్వాలి సుమా.

బ్రోషరు అచ్చుకి ఇవ్వకు. టైమ్‌టేబుల్ వేసి పంపు. మధ్యాహ్నం భోజనం అయ్యాక వచ్చే పీరియడ్‌లో ఏం పెట్టావో ముందు అదే చూస్తాను.

మీ మావయ్య