48/16 వద్దు తల్లీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నీవు ఫిక్స్‌డ్ గేర్ సైకిల్, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరుగుతూనే ఉండే సైకిల్, ఒకటి స్వయంగా కూర్చుకుంటున్నావని చెప్పింది. చక్రాలకు చువ్వలు అల్లడం కూడా నేర్చుకున్నావని విని నేను పొందిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ ఆనందంలో ఉండగానే అక్క, "ముందు 48 పళ్ళట, వెనుక 16 పళ్ళట, బ్రేకు అక్కరలేదట, అంటే ఏమిటిరా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. నేను వద్దంటానని నీవు నాకు చెప్పలేదేమో. సైకిల్ వద్దని నేను అనను. 48/16 వద్దంటాను, బ్రేకు లేకుండా బొత్తిగా వద్దంటాను. ఈ రెండు సంగతులూ నాకు ఒకే సాయంత్రం తెలిసివచ్చాయి.

నీకు ఇప్పటికే తెలిసినవి ఒక్కొక్క మాటలో చెప్పి వదిలేస్తాను. ముందు పళ్ళ చక్రమైన చైన్‌రింగ్, వెనుక పళ్ళ చక్రమైన కాగ్ ఒకే సూటి గీతలో ఉండాలి. కాగ్‌ను కుడి మరపై బిగించాక, దాన్ని ఊడకుండా పట్టి ఉంచే ఎడమ మర (వ్యతిరేక దిశలో బిగిసే) లాక్‌రింగ్ తప్పక వేయాలి. ఫ్రీవీల్ (కాళ్ళు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చేది) కోసం చేసిన హబ్‌కు, అంటే చక్రం నడిమి భాగానికి, ఆ ఎడమ మర ఉండదు కనుక, దానిపై ఫిక్స్‌డ్ కాగ్ వేస్తే కాళ్ళు వెనక్కి ఒత్తినప్పుడు ఊడివస్తుంది. పెడళ్ళు బిగించే క్రాంకులు 165 మిల్లీమీటర్లవి తీసుకో, ఎందుకంటే మలుపులో లోపలి పెడల్‌ను పైన నిలిపి ఉంచే వీలు ఈ సైకిల్‌కు లేదు.

ఇక గేరు సంగతి. ముందు పళ్ళను వెనుక పళ్ళతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ఆ సంఖ్యను చక్రం వ్యాసంతో గుణిస్తే వచ్చేవి గేర్ అంగుళాలు. చైన్ లేని కాలంలో పెడళ్ళు ఎత్తైన ముందు చక్రానికే ఉండేవి, చక్రం ఎంత పెద్దదైతే గేరు అంత పెద్దది. ఆనాటి లెక్కే ఈనాటికీ నిలిచింది. చక్రాన్ని 27 అంగుళాలుగా తీసుకుంటే 48/16 అంటే 81 అంగుళాలు. నాకు మీటర్ల లెక్క ఇంకా నచ్చుతుంది. మామూలు రోడ్డు సైకిళ్ళకు వేసే 700సీ కొలత చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కనుక, నీ గేరులో పెడల్ ఒక్కసారి తిరిగితే 6.3 మీటర్లు సాగుతావు, నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 34 కిలోమీటర్లు వెళతావు. చదును రోడ్డు మీద ఆ వేగం ఎంత హాయిగా ఉంటుందో నేను మరిచిపోలేదు. అయితే ఆ హాయి దినమంతటిలో కొంతసేపే. ఆగి మళ్ళీ బయలుదేరడం, ఎదురుగాలి, ఎత్తు ఎక్కడం, పల్లం దిగడం, వీటితోనే ఎక్కువ సమయం గడుస్తుంది.

ఇరవై మూడేళ్ళ వయసులో నేనూ 48/16 నే ఎంచుకున్నాను. అది శేషం మిగలని లెక్క, పెడల్ ఒక చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు, అంత నిండైన నిష్పత్తి ఇంకెక్కడ దొరుకుతుందని మురిసిపోయాను. నన్ను పడేసింది ఆ నిండుతనమే. కాళ్ళతో ఈ సైకిల్‌ను ఆపేటప్పుడు ఏమి జరుగుతుందో ఆలోచించు. ఒంటి బరువును కాస్త ముందుకు వేసి, పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా వచ్చిన క్షణంలో కాళ్ళు బిగబడతాము. వెనుక చక్రం తిరగడం మాని, టైరు రోడ్డును రాసుకుంటూ జారుతుంది. ఎవరికైనా ముందుంచే కాలు ఒకటి అలవాటై ఉంటుంది, నాకు అది ఎడమ కాలు. చక్రం సరిగ్గా మూడు చుట్లే తిరిగే సైకిల్ మీద, ఎడమ కాలు ముందుకు వచ్చిన ప్రతిసారీ నేలను తాకేది టైరులోని ఆ ఒక్క చోటే. నేను వందలసార్లు ఆపి ఉంటాను, అన్నిసార్లూ రోడ్డు అరచేయంత మేరనే గీకింది. మిగతా టైరంతా నల్లగా, అచ్చు చెదరకుండా ఉండేది కనుక, టైరు కొత్తదేనని నమ్మాను.

రెండు నెలలకు ఒక సాయంత్రం పొడవైన పల్లం దిగుతున్నాను. గంటకు 45 కిలోమీటర్ల వేగం వచ్చిందంటే ఆ గేరులో కాళ్ళు నిమిషానికి దాదాపు 120 చుట్లు తిరుగుతూ ఉండాలి. నేను కాళ్ళను తిప్పడం మాని, కాళ్ళే నన్ను తిప్పుతున్న స్థితి అది. కింద కూడలిలో ఒక బండి అడ్డంగా నిలిచింది. కాళ్ళు బిగబట్టాను. గేరు పెద్దదయ్యే కొద్దీ చక్రాన్ని ఆపడానికి కాలికి దొరికే ఊతం తగ్గుతుంది, అందుచేత మొదటిసారి చక్రం నా మాట వినలేదు. రెండోసారి ఆగింది, జారింది, అరిగిన చోట దారాలు తెగి ట్యూబు పేలింది. రిమ్ము పక్కకు కొట్టుకుపోయి నేను ఎడమ భుజం మీద పడ్డాను. కాలర్ ఎముక విరిగింది. లేచి చూస్తే బండి ఇంకా నాలుగు గజాల దూరంలో ఉంది, ఆ నాలుగు గజాలు మిగలడంలో నా నేర్పు ఏమీ లేదు.

ఆ తరువాత ఆరు వారాలు నా చొక్కా గుండీలు మీ అమ్మే పెట్టింది. టైరు పేలిందని మాత్రమే ఆమెకు చెప్పాను. సైకిల్ సన్నగా, అందంగా కనిపించాలని బ్రేకు విప్పి పక్కన పెట్టిన సంగతి ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పలేదు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు, ఏమన్నా పడతాను.

కనుక ఏ గేరైనా కొనేముందు ఆ భిన్నాన్ని కుదించి చూడు. 48/16 కుదిస్తే 3/1 అవుతుంది, హారం ఒకటి, టైరు అరిగే చోటూ ఒకటే. 44/16 అయితే 11/4, నాలుగు చోట్లు. 46/16 అయితే 23/8, ఎనిమిది. 46/17 ఇక కుదించడానికి వీలుకాదు కనుక పదిహేడు చోట్లకు అరుగుదల పంచుకుంటుంది. కుదించాక లవం బేసి సంఖ్య అయితే, రెండు కాళ్ళనూ మార్చి మార్చి ముందుంచగలవారికి ఆ చోట్లు రెట్టింపవుతాయి. అయినా వారానికొకసారి టైరును చేతితో చుట్టూ తడిమి చూడు, కళ్ళను నమ్మకు.

భిన్నం సరిచేసుకుంటే టైరు నిలుస్తుంది గాని సైకిల్ ఆగే దూరం తగ్గదు. ఆపేటప్పుడు బరువు ముందుకు వాలి వెనుక చక్రానికి నేలపై పట్టు సడలుతుంది, కాళ్ళు ఎంత బలమైనవైనా ఈ మాట మారదు. ముందు చక్రానికి ఒక బ్రేకు, ఒక తీగ, ఒక లివర్, ఇంతకు మించి నేను అడగడం లేదు. అది లేకుండా నీవు రోడ్డెక్కావని తెలిస్తే నేను నీతో మాట్లాడను, ఇది బెదిరింపు అనుకున్నా సరే. మూడేళ్ళ వయసులో నిన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తొక్కేవాడిని. పల్లం రాగానే నీ చిన్న చేయి వెతుక్కుంటూ వచ్చి బ్రేకు పట్టుకున్న నా వేళ్ళ మీద పడేది. అది నీకు ఎవరూ నేర్పలేదు తల్లీ.

నా సలహా ఇది. ముందు 46 ఉంచుకో, వెనుకకు 18, 17 రెండూ కొను. వెనుక ఒక పన్ను మారితే గేరు దాదాపు ఆరు శాతం మారుతుంది, ముందు ఒక పన్ను మారితే రెండు శాతమే. కాలికి తేడా తెలియాలంటే వెనుకే మార్చాలి. ఇరుసు సుమారు మూడు మిల్లీమీటర్లు జరిపితే రెండింటికీ అదే చైన్ సరిపోతుంది. మొదటి నెల 46/18 తొక్కు. అది 69 అంగుళాలు, పెడల్ చుట్టుకు 5.37 మీటర్లు, 90 చుట్లకు గంటకు 29 కిలోమీటర్లు. పల్లంలో కాళ్ళు మరీ వేగంగా తిరుగుతాయి, దానికి మందు బ్రేకే. ఎత్తు ఎక్కేటప్పుడు మోకాలి చిప్ప కింద సన్నని నొప్పి మొదలైతే, ఓర్చుకోవడం గొప్ప అనుకోకు, నేను అలా ఓర్చుకుని రెండు వానాకాలాలు సైకిల్‌కు దూరమయ్యాను. నెల తరువాత 18 మరీ తేలికగా తోస్తే 17 వేసుకో, 73 అంగుళాలవుతుంది.

గేరు మార్చుకోవడం ఓటమి కాదు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీలో 1937లో, తొక్కుతూనే గేరు మార్చే డెరైల్లర్‌ను అనుమతించే దాకా, అంతటి పోటీదారులే కొండ కింద దిగి, వెనుక చక్రం విప్పి, రెండో వైపు ఉన్న వేరే పళ్ళ కాగ్‌కు తిప్పుకునేవారు. బెల్జియం సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కినది 52/14 మీద అని నీ స్నేహితులెవరైనా అంటే, ఆయన తొక్కినది ట్రాక్ మీద అని గుర్తుచేయి. అక్కడ ఎక్కడానికి ఎత్తు లేదు, అడ్డం వచ్చే బండి లేదు.

సైకిల్ పూర్తయ్యాక నేలపై సుద్దతో ఒక గీత గీసి, పెడల్ ఒక్క చుట్టు తిప్పి, ఎంత దూరం సాగిందో టేపుతో కొలిచి నాకు రాయి. 46/18 అయితే 5.4 మీటర్ల దరిదాపుల్లో రావాలి. బ్రేకు బిగించిన ఫోటో కూడా పంపు.

నీ మామయ్య