జీపు మీటర్లు లారీకి పనికొస్తాయా?

ప్రశ్న: మాది గ్రానైట్ మోసే 24 వోల్టుల పాత లారీ. టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ మీటర్లు పోయాయి. పాత 12 వోల్టుల జీపువి రెండు దొరికాయి. వాటిని డ్యాష్‌బోర్డులో బిగించుకోవచ్చాండీ? – ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: బిగించుకోవచ్చండి, కానీ మీటర్లు ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు. ఇంజన్‌కి ఉండే సెండర్లు (వేడిని, ఆయిల్ ప్రెషర్‌ని పసిగట్టి మీటరుకి తెలిపే భాగాలు) కూడా ఆ జీపువే కావాలి. మీటరు చూపేది సెండర్ రెసిస్టెన్స్‌ని, అంటే అది కరెంటుని ఎంత అడ్డుకుంటుందన్న దాన్ని బట్టే. జత కుదరకపోతే ఇంజన్ మరుగుతున్నా ముల్లు మధ్యలోనే నిలబడిపోవచ్చు. గ్రానైట్ లోడుతో తిరిగే బండికి అది చాలా ప్రమాదం.

24 వోల్టులు నేరుగా ఇస్తే మీటరు కాలిపోతుంది. రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 వోల్టులు లాగడం చాలామంది చేసే పనే, దయచేసి చెయ్యకండి. ఒక బ్యాటరీ ఎక్కువ ఖాళీ అవుతుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అయి పాడవుతుంది. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ కొని, ఇగ్నిషన్ స్విచ్ తర్వాత ఫ్యూజు వేసి కలపండి.

బిగించే ముందు టెంపరేచర్ సెండర్‌ని మీటరుకి కలిపి, దాని కొనను మరిగే నీళ్లలో ముంచి చూడండి. సెండర్ బాడీకి ఎర్త్ వైరు తప్పనిసరి. ముల్లు 100 డిగ్రీల దగ్గరికి రావాలి.

సెండర్ మర (థ్రెడ్) ఇంజన్‌కి సరిపోకపోతే లేత్ మీద ఇత్తడి అడాప్టర్ తిప్పించండి. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దు; ఎర్త్ అందక రీడింగ్ తప్పుతుంది. ఆయిల్ వార్నింగ్ లైటు స్విచ్ మాత్రం తీసెయ్యకండి, T ఆకారపు జాయింట్ వేసి ఆ స్విచ్, ప్రెషర్ సెండర్ రెండూ ఉంచండి.