ఓరుగల్లు తోరణంతో ఏడో తరగతి శిల్పపాఠం

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత ఏదైనా కట్టడం ఆధారంగా శిల్పం చేయించాలని ఉందనీ, తరగతికి నలభై మంది ఉన్నారనీ, వారానికి రెండు పీరియడ్లే దొరుకుతున్నాయనీ, ఏ కట్టడాన్ని తీసుకోవాలో తేలడం లేదనీ మీరు రాశారు. హనుమకొండలో చిత్రకళ బోధిస్తూ ఇదే పాఠాన్ని కొన్నేళ్లుగా చెబుతున్న అనుభవంతో నేను ఇచ్చే సలహా ఒక్కటే: కట్టడం మొత్తాన్ని చిన్నదిగా చేయించకండి, దాని బరువు నేలకు ఎలా దిగుతుందో కళ్లకు కట్టే ఒక్క భాగాన్ని మాత్రమే తీసుకోండి.

మొదటి ఏడాది నేను చార్మినార్ ఇచ్చాను. థర్మకోల్‌తో చేసిన చక్కని నమూనాలు వచ్చాయి గానీ, వాటిలో చాలా వరకు ఇంట్లో పెద్దవాళ్లు చేసిపెట్టినవే. కమాను మధ్యలో ఆధారం లేకపోయినా ఎందుకు కూలదని అడిగితే తరగతిలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. అందుకే మరుసటి ఏడాది ఒక ఆదివారం పిల్లలను ఓరుగల్లు కోటకు తీసుకువెళ్లాను.

శిథిలమైన స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన ఆ కాకతీయ తోరణాలను మా పిల్లలు తెలంగాణ రాజముద్రలో రోజూ చూస్తూనే ఉంటారు. కానీ ఎదురుగా కూర్చుని, 'బొమ్మంతా గీయవద్దు, ఏ రాయి ఏ రాతి మీద ఆనుకుందో అంతవరకే గీయండి' అన్నప్పుడే వాళ్లు దాన్ని నిజంగా చూడడం మొదలుపెట్టారు. అందులో కమాను లేదు; నిలువుగా స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా చాచిన బోదికలు, వాటి మీద అడ్డంగా దూలం, ఆ పైన హంసలు. రాయి ఎంత నొక్కుడునైనా ఓర్చుకుంటుంది గానీ సాగదీతను ఓర్చుకోలేదు, అడ్డంగా పరిచిన దూలం అడుగుభాగం మాత్రం బరువుకు సాగాలని చూస్తుంది. బోదికలు రెండు వైపుల నుంచీ చేతులు చాచి ఆధారం లేని దూరాన్ని తగ్గిస్తాయి కనుకనే దూలం నిలుస్తుంది. దీన్ని తరగతిలో చూపించడానికి రెండు పుస్తకాల దొంతరలు, ఒక పలుచని అట్టముక్క చాలు. దొంతరల మధ్య వంగిపోయిన అట్ట, రెండు వైపులా చెరొక రబ్బరు ముక్కను ముందుకు జరిపి ఆనించగానే తిన్నగా నిలబడడం చూసిన తరువాత ఏ పిల్లవాడికీ మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

పనికి కొట్టులో ఊరికే దొరికే ముడతల అట్టపెట్టెలు తీసుకోండి. అట్ట లోపలి ముడతలు స్తంభంలో నిలువుగా ఉండాలి. అడ్డంగా కోస్తే అదే అట్ట కొద్దిపాటి బరువుకే నలిగిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకుండా, రెండు విధాలా కోయించి పిల్లలనే కనిపెట్టనివ్వడం మేలు. మందపు అట్టను కట్టర్‌తో కోసే పని మీరే చేయండి. నలుగురికి ఒక జట్టు, సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు, ఆరు వారాలు సరిపోతాయి.

నేను పెట్టే నియమం ఒక్కటే, అయితే అది కఠినమైనది: స్తంభం, బోదిక, దూలం కలిసే చోట జిగురు వాడకూడదు. గాడి కోసి ఒకదానిలో ఒకటి కూర్చాలి, పైన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టినా నిలవాలి. గాడి వెడల్పు అట్ట మందానికి సరిగ్గా సరిపోకపోతే తోరణం ఊగుతుంది. ఎక్కువ మంది మూడో వారంలో మళ్లీ మొదటి నుంచి కోస్తారు, ఆ సమయాన్ని వాళ్లకు ఇవ్వండి.

అలంకారానికి మాత్రం మక్కు వాడండి. కొండపల్లి బొమ్మల ముక్కలను అతికే చింతగింజల పొడి, రంపపు పొట్టు ముద్ద అదే. పలుచగా, రెండు మూడు పూతలుగా పెట్టాలి; ఒకేసారి మందంగా పెడితే ఎండేటప్పుడు పగుళ్లు వస్తాయి, అట్ట వంకరపోతుంది. వానాకాలంలో బూజు పడుతుంది కనుక నేను ఈ పాఠాన్ని నవంబరు తరువాతకు జరిపాను.

నమూనా శిల్పంగా మారేది ఈ దశలోనే. కోటలోని చెక్కడాలను అనుకరించవద్దని, తమ ఊరి పొలిమేరలో నిలిపే తోరణమైతే దాని మీద ఏముండాలో ఆలోచించమని చెబుతాను. ఒక అమ్మాయి హంసలకు బదులు తన ఊరి చెరువు కొంగలను నిలిపింది. వాటి పొడవాటి మెడలు బరువును ముందుకు లాగడంతో, తోకవైపు మక్కు పెంచి తూకం సరిచేసింది. మరొక జట్టు నాలుగు చిన్న తోరణాలను చదరంగా నిలిపి, నడుమ ఏమీ పెట్టలేదు. ఎందుకని అడిగితే, 'అక్కడ గుడి లేదు కదా సార్' అన్నారు. ఖాళీ కూడా శిల్పంలో భాగమేనని నేను ఎన్ని పీరియడ్లు చెప్పినా అంత స్పష్టంగా చెప్పలేను.

మీరు ఓరుగల్లుకు దూరంగా ఉంటే ఊరి గుడి మండపం, పాత మండువా లోగిలి కూడా ఇందుకు పనికొస్తాయి. కమానును మాత్రం ఈ వయసులో మొదటి పనిగా ఇవ్వకండి. చివరి ముక్క పడేవరకు అడుగున సెంట్రింగ్ కావాలి, నలభై మందితో అది సాగదు.

మార్కులలో సగం కట్టడం దగ్గర గీసిన చిత్రానికీ, బరువు పరీక్షకూ, మిగతా సగం తాము మార్చినదానికీ వేస్తాను. జిగురు లేదు కనుక ప్రదర్శన అయ్యాక తోరణాలు విడదీసి ఒక పెట్టెలో సర్దవచ్చు. మా బడిలో కొత్త తరగతి పిల్లలు మొదటి పీరియడ్‌లో చేసేది పాతవాటిని మళ్లీ కూర్చి నిలబెట్టడమే.