టార్గెట్ బోర్డు పెట్టినా టీమ్ తలోదారి పడుతోందా? నా సమాధానం

నెల టార్గెట్ బోర్డు పెట్టినా ఇద్దరు సూపర్‌వైజర్లు తలోదారి పడుతున్నారని, ఇనుప పనుల షెడ్డు నడిపే మీరు రాశారు. తప్పు వాళ్లది కాకపోవచ్చు. గాజువాకలో మీ ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు నెల టార్గెట్ ఉంది గానీ, ఐదేళ్లకు ఆ షెడ్డు ఏమవ్వాలో ఎవరికీ తెలియదు. అందుకే మీరు రాసినట్టు ఒకరు ఫ్యాక్టరీ కాంట్రాక్టుల వెంట, ఇంకొకరు ఇళ్ల గేట్లు, గ్రిల్స్ వెంట పడుతున్నారు. ఎవరి లెక్క వాళ్లకి కరెక్టే.

1. ఇద్దరినీ కూర్చోబెట్టి, మీది ఎవరి కోసం ఏం చేసే సంస్థ కావాలో ఒక్క వాక్యంలో రాయండి. అదే మీ విజన్. 'నంబర్ వన్' లాంటి మాటలొద్దు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ వాక్యం ప్రకారం ఏ ఆర్డర్లు వద్దంటారో కూడా రాయాలి. వద్దనడానికి ఏమీ దొరకలేదంటే అది విజన్ కాదు, గోడకు ఫ్రేమ్ (మనవాళ్లకి అదో సరదా). మధురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, నివారించగల అంధత్వాన్ని పోగొట్టడమే లక్ష్యంగా పెట్టుకుంది. ఆపరేషన్‌లో కంట్లో అమర్చే లెన్సుల ధర అడ్డొస్తే 1992లో వాటి తయారీయే మొదలుపెట్టింది. వాక్యం అలా నిర్ణయాలను నడపాలి.

3. తర్వాత వచ్చే ఆర్డరు తీసుకోవాలా వద్దా అని, మీ అభిప్రాయం చెప్పకుండా ఇద్దరినీ విడివిడిగా అడగండి. జవాబులు కలవకపోతే వాక్యం తిరగరాయండి.